మా ఊరు నగర పంచాయతీ అయ్యాక: పన్ను కట్టి వాడుతున్నవాడి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి రెండున్నర. అదీ మెయిన్ రోడ్డులో షాపు పెట్టుకున్న నాలాంటివాడి లెక్క. ఊరి చివర పల్లెల్లో ఉంటూ, అడగకుండానే పట్టణంలో కలిసిపోయినవాళ్ళని అడిగితే ఒకటి ఇవ్వడానికి కూడా ఆలోచిస్తారు. ఫోనో మిక్సీనో అయితే నచ్చకపోతే వెనక్కి పంపించేస్తాం. దీనికి ఆ సదుపాయం లేదు, ఒకసారి జీవో వచ్చిందంటే మళ్ళీ పంచాయతీ చెయ్యమని తిరగడం కోర్టు మెట్ల వ్యవహారం. అందుకే కావాలనుకునేవాళ్ళు ముందే చదువుకుంటారని రాస్తున్నా.

రాయడానికి ఇంకో కారణం మా బావమరిది. వాళ్ళది శ్రీకాకుళం జిల్లాలో ఒక మేజర్ పంచాయతీ. సంత పెద్దది, బ్యాంకులు నాలుగున్నాయి, కార్పొరేట్ కాలేజీ బస్సులు కూడా వస్తాయి. ఈ మధ్య వాళ్ళ వాట్సాప్ గ్రూపులో "మనకేం తక్కువ, మనదీ మున్సిపాలిటీ అవ్వాలి" అని ఒకటే హడావిడి. ఎవరో ఎమ్మెల్యేగారికి వినతిపత్రం ఇస్తున్న ఫోటో కూడా పెట్టారట. "బావా, మీకు అయింది కదా, ఎలా ఉంది?" అని ఫోన్ చేశాడు. అరగంట మాట్లాడినా సగం కూడా చెప్పలేకపోయాను. మా ఊరి పేరు మాత్రం రాయను, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో తిరిగేవాళ్ళకి బస్సు కిటికీలోంచి కనిపించే ఊళ్ళలో ఒకటి అనుకోండి. పేరు ఎందుకు రాయనంటే ఆ ఆఫీసు కౌంటర్లో నా ఫైలు ఒకటి ఇంకా కదలాలి.

అసలు ఇదేంటో తెలియనివాళ్ళకి రెండు మాటలు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో పట్టణాలకి మూడు అంచెలు పెట్టారు. పల్లె నుంచి పట్టణంగా మారుతున్న ఊరికి నగర పంచాయతీ, చిన్న పట్టణానికి మున్సిపాలిటీ, పెద్ద నగరానికి కార్పొరేషన్. ఏ ఊరు ఎందులోకి వస్తుందో తేల్చేటప్పుడు జనాభా ఒక్కటే చూడరు. జనం ఎంత ఒత్తుగా ఉన్నారు, స్థానిక సంస్థకి ఆదాయం ఎంత వస్తుంది, వ్యవసాయం కాకుండా వేరే పనుల మీద బతికేవాళ్ళు ఎంతమంది, ఇవన్నీ చూడాలని 243క్యూ అధికరణంలోనే రాసి ఉంది. మన వైపు చూస్తే ఆ లెక్క బాగానే అర్థమవుతుంది. నెల్లిమర్లలో జూట్ మిల్లు, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలు, రాజాంలో కాలేజీలూ వ్యాపారాలూ. ఇవన్నీ పొలం మీద మాత్రమే బతికే ఊళ్ళు కావు కదా. నరసన్నపేట, టెక్కలి, ఎస్.కోట లాంటి వాటిని 2011 జనాభా లెక్కల్లోనే పట్టణాలుగా రాసుకున్నారు, అప్పుడు పాలన మాత్రం పంచాయతీదే. సెన్సస్ వాళ్ళకి కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకి 400 మంది, మగవాళ్ళలో ప్రధానంగా పనిచేసేవాళ్ళు 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉంటే చాలు, పట్టణం అనేస్తారు. వాళ్ళు అన్నంత మాత్రాన కమిషనర్ రాడు, డ్రైనేజీ కూడా రాదు. దానికి ప్రభుత్వం వేరే జీవో ఇవ్వాలి.

ఆ జీవో వచ్చేదాకా జరిగేది కూడా ఒక కథే. ప్రతిపాదన కలెక్టర్ ఆఫీసుకి, అక్కడ నుంచి పురపాలక శాఖకి. మధ్యలో పంచాయతీరాజ్ వాళ్ళు తమ జాబితాలోంచి ఊరి పేరు తీసెయ్యాలి. ప్రజలు అభ్యంతరాలు చెప్పుకోడానికి గడువు ఇస్తారు. ఈ గడువు సంగతి మా ఊళ్ళో ఎవరికీ పట్టలేదు. పంచాయతీ ఆఫీసు గోడకి అంటించిన కాగితం మీద రెండోరోజే ఏదో కోచింగ్ సెంటర్ పోస్టర్ పడింది. పండగ వాతావరణం కదా, అభ్యంతరం అంటే ఊరికి అడ్డం పడినట్టే చూశారు. జీవో వచ్చినరోజు సెంటర్లో టపాసులు కాల్చారు, ఆ రాత్రికే ఫ్లెక్సీలు లేచాయి, నేను కూడా స్వీట్లు తిన్నాను. మైసూర్ పాక్ బాగుంది.

ఇక అసలు రివ్యూ. "మన ఊరిని మనమే ఏలుకుందాం" అన్న మాట మీదే కదా అందరూ ఉత్సాహపడతారు, మండలం మీద ఆధారపడక్కర్లేదు, మనకో చైర్మన్, మన వార్డుకో కౌన్సిలర్, మన డబ్బులు మన దగ్గరే అని. ఈ ప్యాకెట్ విప్పగానే మొదట పోయేది సరిగ్గా అదే, మనల్ని మనం ఏలుకోవడం. జీవో రాగానే సర్పంచి, వార్డు మెంబర్లు మాజీలైపోతారు, వాళ్ళ కుర్చీలో ప్రత్యేకాధికారి కూర్చుంటారు. ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఓట్లు కూడా పోతాయి, మనం మండల పరిషత్‌లో ఉండం కాబట్టి. చాలామంది తహసీల్దార్ ఆఫీసు కూడా మారిపోతుందనుకుంటారు, అది మారదు, భూముల పనికి మళ్ళీ అక్కడికే తిరగాలి. కొత్త ఎన్నికలు రావాలంటే వార్డులు విడగొట్టాలి, ఓటర్ల జాబితా తయారవ్వాలి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళా రిజర్వేషన్లు తేలాలి. ఇందులో ఏ ఒక్కదాని మీద ఎవరు కోర్టుకి వెళ్ళినా బండి అక్కడే ఆగిపోతుంది.

ఎంతకాలం ఆగుతుందంటారా. నెల్లిమర్లని చూడండి. నెల్లిమర్ల, జరజాపుపేట రెండు పంచాయతీలు కలిపి 2013లో నగర పంచాయతీ చేశారు. మొదటిసారి వార్డు మెంబర్లకి ఓటేసింది 2021 మార్చి 10న, 20 వార్డులకి. మధ్యలో ఎనిమిదేళ్ళు. ఆ ఊళ్ళో జీవో వచ్చినప్పుడు ఐదో తరగతిలో ఉన్న పిల్లాడు తన ఊరి మొదటి కౌన్సిల్‌కి ఓటేసి ఉంటాడు. రాజాం కథ ఇంకా పెద్దది. 2005లో నగర పంచాయతీ అయింది, పక్క గ్రామాల్ని కలపడం మీద పేచీ కోర్టుకెక్కింది, 2021 మార్చిలో రాష్ట్రమంతా మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు కూడా రాజాంలో జరగలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన వచ్చి రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చేసింది. ఊరు జిల్లానే మారిపోయింది గానీ ఎన్నికైన కౌన్సిల్ మాత్రం అప్పటికీ రాలేదు. శ్రీకాకుళం టౌన్‌ని 2015లో కార్పొరేషన్ చేశారు, 2021 మార్చిలో వాళ్ళకీ ఓట్లు లేవు, ఆమదాలవలసకీ లేవు. ఇది ఏదో ఒక్క పార్టీ ప్రభుత్వంలో జరిగింది కాదు, కాబట్టి కింద కామెంట్లలో పార్టీల గొడవ మొదలుపెట్టకండి.

ప్రత్యేకాధికారి చెడ్డవాడని కాదు. మాకు వచ్చినాయన మర్యాదస్తుడే. కానీ ఆయనకి వేరే ఉద్యోగం ఉంది, దాని మీద ఇది అదనం. సర్పంచి ఉన్నప్పుడు మా వీధి లైటు పోతే పొద్దున్నే టీ బంకు దగ్గర పట్టుకునేవాళ్ళం, "ఏటి బాబూ, మళ్ళీ పోయిందా" అని విసుక్కుంటూనే సాయంత్రానికి మనిషిని పంపేవాడు, ఎందుకంటే మళ్ళీ ఓటు అడగాలి. ప్రత్యేకాధికారికి ఓటు అక్కర్లేదు. అర్జీ పెట్టుకోవాలి, ఇన్‌వార్డు నంబరు వెయ్యించుకోవాలి. ఎన్నికలు వచ్చి కౌన్సిల్ ఏర్పడ్డాక కూడా ఒక తేడా ఉంది, ఇది ముందు తెలుసుకుంటే మంచిది. సర్పంచిని ఊరంతా కలిసి నేరుగా ఎన్నుకుంటాం. చైర్‌పర్సన్‌ని మనం ఎన్నుకోం, వార్డుల్లో గెలిచినవాళ్ళు ఎన్నుకుంటారు, ఎమ్మెల్యే, ఎంపీలకి కూడా అందులో పదవిని బట్టి వచ్చే ఎక్స్ అఫీషియో ఓటు ఉంటుంది. మెజారిటీ అటూ ఇటూగా ఉందనుకోండి, చైర్‌పర్సన్ ఎన్నికకి ముందు మన వార్డు మెంబరు వారం రోజులు ఫోన్ ఎత్తడు, ఏ రిసార్టులో ఉన్నాడో వాళ్ళావిడకి కూడా తెలియదు. దీన్ని సొంత పాలన అనాలంటే నాకు కొంచెం నోరు రాదు.

పన్ను సంగతికొద్దాం, అందరూ స్క్రోల్ చేసి ఇక్కడికే వచ్చి ఉంటారు. పంచాయతీలో ఇంటిపన్ను కట్టేవాళ్ళం, బిల్ కలెక్టర్ వచ్చి అరుగు మీద కూర్చుని రసీదు రాసేవాడు, సంక్రాంతి తర్వాత ఇస్తామంటే సరేననేవాడు. ఇప్పుడు ఆస్తిపన్ను. వార్డు సచివాలయం నుంచి ప్లానింగ్ సెక్రటరీ, ఇంకో కుర్రాడు టేపు పట్టుకుని వచ్చారు. హాలు కొలిచారు, వంటగది కొలిచారు, బయట రేకుల షెడ్డు కూడా కొలిచారు. "ఇది గేదెల పాకండి" అని మా ఆవిడ అంది. గేదె లేదు, అమ్మేసి చాలాకాలమైంది, అందులో నా షాపు సరుకు ఉంది. ఆ అబ్బాయి లోపలికి తొంగిచూసి, నోటుబుక్కుల కట్టలు చూసి, ఏమీ మాట్లాడకుండా ట్యాబ్‌లో ఏదో కొట్టాడు. ఆ షెడ్డు ఇప్పుడు మా అసెస్‌మెంట్‌లో ఉంది. పద్ధతిగానే చేశారు, కాదనను.

రాష్ట్రంలో ఈ పన్ను లెక్క 2021 ఏప్రిల్ నుంచి మారింది. అంతకుముందు ఇంటికి ఏడాదికి అద్దె ఎంత వస్తుందన్నదాని మీద వేసేవాళ్ళు, ఇప్పుడు స్థలం, కట్టడం రెండూ కలిపి రిజిస్ట్రేషన్ విలువ మీద వేస్తున్నారు. నివాసానికి ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య, షాపులూ అవీ అయితే 0.20 నుంచి 2 శాతం మధ్య. అంటే మీ ఇంటి విలువ 20 లక్షలు అనుకుని, రేటు 0.15 శాతం అనుకుంటే ఏడాదికి 3,000 రూపాయలు. ఊరు పట్టణం అయిందని సెంటు రేటు పెరిగిందని సంబరపడతాం కదా, ఆ పెరిగిన రేటే రిజిస్ట్రేషన్ విలువలోకి ఎక్కి పన్ను బిల్లులో మళ్ళీ మన ఇంటికే వస్తుంది. పాత పన్ను మీద ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. అది విని మా పక్కింటాయన సంతోషించాడు. పెరగదని కాదు బాబాయ్, ప్రతి ఏడూ కొంత పెరుగుతూనే ఉంటుందని అర్థం అని చెప్తే నా మొహం చూడ్డం మానేశాడు. ఒక మంచి విషయం ఏంటంటే సొంతదారు ఉంటున్న 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే. మా వీధి వెనక కాలనీలో చాలా ఇళ్ళు అందులోకి వస్తాయి, కొలిచేటప్పుడు పక్కనుండి చూసుకోండి, మెట్ల కింద బాత్రూం ఒకటి కలిపితే గీత దాటిపోవచ్చు. ఇంకోటి, ఏప్రిల్‌లోనే ఏడాది మొత్తానికి కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు, కట్టకుండా సాగదీస్తే నెలకి 2 శాతం వడ్డీ. మా ఊళ్ళో వడ్డీ వ్యాపారులు కూడా ఇంతే తీసుకుంటారు కాబట్టి ఎవరికీ పెద్దగా కొత్తగా అనిపించలేదు.

చెత్తపన్ను గురించి అడుగుతారేమో. క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో భాగంగా చాలా పట్టణాల్లో ఇంటికింత అని వసూలు చేశారు, జనం తిట్టుకున్నారు, 2024లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు ఆ టెన్షన్ లేదు.

ఖాళీ స్థలానికి కూడా పన్ను ఉంటుందన్న విషయం మాత్రం మా వాళ్ళలో చాలామందికి ఇంటి ప్లాను పెట్టుకున్నరోజే తెలిసింది. ఎప్పుడో కొని వదిలేసిన స్థలానికి పాత బకాయిలతో సహా కడితే గానీ ఫైలు ముందుకి కదల్లేదు. ఎక్కడో హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ సొంతూళ్ళో అయిదు సెంట్లు కొనుక్కున్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

బాగున్న వాటి గురించి కూడా నిజాయితీగా చెప్పాలి. మెయిన్ రోడ్డు ఊడ్పు, దీనికి ఐదుకి నాలుగున్నర. తెల్లారి నేను షట్టర్ ఎత్తేసరికి రోడ్డు ఊడ్చేసి ఉంటుంది. పంచాయతీలో ఉన్నప్పుడు ఇంత పెద్ద ఊరికి పారిశుధ్య కార్మికులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది, వాళ్ళకి జీతం ఎప్పుడొస్తుందో వాళ్ళకే తెలిసేది కాదు. ఇప్పుడు మనుషులు పెరిగారు, ట్రాక్టర్ ఉంది, శానిటరీ ఇన్‌స్పెక్టర్ బండి మీద తిరుగుతాడు. ఆ ఊడ్చేవాళ్ళలో ఒకావిడ మా షాపు ముందు చీపురు ఆనించి రోజూ ఒక నిమిషం నిలబడుతుంది, టీ ఇస్తే తీసుకుంటుంది, బిస్కెట్ ఇస్తే కొంగులో కట్టుకుంటుంది. గ్లౌజులు ఏవమ్మా అంటే "ఇచ్చారు బాబూ, చిరిగిపోనాయి" అంటుంది. ఈ నాలుగున్నర మార్కులు ఆఫీసుకి కాదు, ఆవిడకి.

కాలవల పని మాత్రం సగం సగం. పూడిక తీస్తారు, తీసి కాలవ గట్టు మీదే కుప్పలు పోస్తారు, తడి ఆరాక ట్రాక్టర్ వస్తుందంటారు. ఆరేలోపు వాన పడుతుంది, అది మళ్ళీ కాలవలోకే పోతుంది, మళ్ళీ తీస్తారు. నా షాపు ముందు కుప్పలో పిల్లల చెప్పు, కొబ్బరి బొండాం, ఒక సెల్‌ఫోన్ కవరు గుర్తుపట్టేంత కాలం ఉన్నాయి. నీళ్ళు మెరుగే. కొత్త ట్యాంకు కట్టాక మా వైపు ప్రెషర్ బాగుంది, ఎత్తు మీదున్న వీధులకి మాత్రం ఇంకా బిందెలతోనే.

ప్లాను అనుమతి విషయంలో నేను పూర్తిగా నగర పంచాయతీ పక్షమే. ఇది లేని ఊళ్ళో ఇల్లు కట్టుకోడానికి బ్యాంకు లోన్ కోసం తిరిగినవాళ్ళకి అర్థమవుతుంది. ఎల్‌టీపీ (ప్లాన్లు గీసే లైసెన్సు ఉన్న టెక్నికల్ మనిషి) చేత గీయించి ఆన్‌లైన్‌లో పెడితే ఏ దశలో ఉందో ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, ఎవరి టేబుల్ మీద ఆగిందో కనిపిస్తుంది. కనిపించినంత మాత్రాన కదులుతుందని కాదు లెండి. అయినా ఎవర్ని అడగాలో తెలిస్తే సగం పని అయినట్టే. బ్యాంకు మేనేజరు ఆ అనుమతి కాగితం చూసి కుర్చీ చూపించాడు, అంతకుముందు నిలబెట్టే మాట్లాడేవాడు.

ఇప్పుడు నా ఫైలు. అది ట్రేడ్ లైసెన్సు కాదు, దాన్ని డబ్బు కట్టి ఏటా రెన్యువల్ చేయించుకుంటూనే ఉన్నాను. నాది పేరు మార్పు. మా నాన్నగారి పేరు మీద ఉన్న ఇంటి అసెస్‌మెంట్ నా పేరు మీదకి రావాలి. పంచాయతీ రికార్డుల్లో డోర్ నంబరు ఒకటి, నగర పంచాయతీ వచ్చాక వేసిన నంబరు ఇంకొకటి, కరెంటు బిల్లులో మూడోది. ఈ మూడూ ఒకే ఇల్లని నేను అఫిడవిట్ ఇచ్చాను, మరణ ధ్రువపత్రం ఇచ్చాను, వారసుల కాగితం ఇచ్చాను. కౌంటర్లో ఉన్నాయన మంచివాడే, "మాస్టారూ, పాత పంచాయతీ రిజిస్టర్ దొరికితే ఒక్కరోజు పని" అంటాడు. ఆ రిజిస్టర్ పంచాయతీ ఆఫీసు ఖాళీ చేసినప్పుడు గోనెసంచుల్లో కట్టి ఎక్కడో పెట్టారు. ఎక్కడన్నది తెలిసిన అటెండరు రిటైరయ్యాడు. ఆయన్ని వాళ్ళ ఊరెళ్ళి కలిశాను కూడా, "స్టోర్ రూంలో బీరువా వెనక చూడమను బాబూ" అన్నాడు. స్టోర్ రూం ఇప్పుడు వార్డు సచివాలయం, బీరువా లేదు. కాబట్టి పంచాయతీలో ఉన్నవాళ్ళకి నా సలహా, మీ ఊరు మారకముందే మీ ఇంటి పన్ను రిజిస్టర్ పేజీకి సర్టిఫైడ్ కాపీ తీసుకుని ఇంట్లో పెట్టుకోండి, పేరు మార్పులు ఏమన్నా ఉంటే పంచాయతీ సెక్రటరీ ఉండగానే చేయించేసుకోండి.

ఇక్కడిదాకా చెప్పినవన్నీ నాలాంటివాడి బాధలు, భరించగలిగేవి. మా పెద్దమ్మది అలా కాదు. మా ఊరికి కాస్త ఎడంగా, మధ్యలో జీడితోటలు, ఒక చెరువు దాటి ఉన్న పల్లె వాళ్ళది. అందరూ కూలి పని చేసుకునేవాళ్ళే. జనాభా సరిపోవాలని ఆ పల్లెని కూడా కలిపారు. ఉపాధి హామీ గ్రామీణ ప్రాంతాలకే. 2005 చట్టం ప్రకారం కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని అడిగే హక్కు ఉండేది, పల్లె పట్టణం లెక్కలోకి వచ్చినరోజే జాబ్ కార్డు చెల్లకుండా పోయింది. ఎండాకాలం వస్తే ఆ పల్లె ఆడవాళ్ళంతా తెల్లారకుండానే చెరువు పనికి వెళ్ళేవాళ్ళు, పని చూసే మేటు పేర్లు పిలిచేది, పది గంటలకల్లా తిరిగొచ్చి వంట చేసుకునేవాళ్ళు. ఇప్పుడు ఆటోలో కుక్కుకుని దూరం పోవాలి, ఆటో ఛార్జీ కూలిలోంచే. "మున్సిపాలిటీ అయితే నాకేటిరా నాయినా, నా గునపం మూలన పడింది" అంది పెద్దమ్మ. పని పోవడం ఒక్కటే కాదు, ఉపాధి హామీ మెటీరియల్ నిధులతోనే మన పల్లెల్లో సీసీ రోడ్లు పడ్డాయి, ఆ దారి కూడా మూసుకుపోయింది. పక్క పంచాయతీలో సిమెంటు రోడ్డు పడుతుంటే వీళ్ళు వచ్చి చూసి వెళ్తారు. ఇంటి పథకం గ్రామీణ జాబితాలోంచి పట్టణ జాబితాలోకి, కుళాయి పథకం జల్ జీవన్ మిషన్ నుంచి అమృత్ వైపుకి. ఒక జాబితాలో తీసేశారు, రెండో జాబితాలో పేరు ఎక్కేదాకా వీళ్ళు ఎక్కడా లేరు.

వీధి లైట్లు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి, మంచివే వచ్చాయి. వాటి వెలుతురులో పెద్దమ్మ ఇంటి ముందు బురద ఇంకా బాగా కనిపిస్తోంది.

అందుకే రాజాం లాంటి చోట్ల పేచీ ఎందుకు కోర్టుకి వెళ్ళిందో నాకు ఆశ్చర్యం లేదు. ఊరి నడిబొడ్డున ఉన్నవాడికి హోదా కావాలి, హోదాకి జనాభా, విస్తీర్ణం కావాలి, అవి ఎక్కడినుంచి వస్తాయి, చుట్టుపక్కల పల్లెల్లోంచే. లాభం సెంటర్లో, నష్టం శివార్లలో. ఎవరికి ఏ సౌకర్యం ఏ ఏడాదికి ఇస్తారో కాగితం మీద రాయకుండా పల్లెల పేర్లు మాత్రం రాసేస్తారు. నన్నడిగితే కలిపిన పల్లెలకి కనీసం కొన్నేళ్ళు పన్ను పాత పంచాయతీ రేటుకే ఉంచి, రోడ్డు, కాలవ వేశాకే కొత్త రేటు వెయ్యాలి. అడిగేవాడు లేడు, అడగాల్సిన కౌన్సిలే లేని రోజుల్లో ఇవన్నీ నిర్ణయమైపోతాయి.

అలాగని ఒకసారి స్వతంత్రంగా మున్సిపాలిటీ అయితే శాశ్వతం అని కూడా అనుకోకండి. భీమిలి 1861 నాటి మున్సిపాలిటీ. మన విజయనగరం మున్సిపాలిటీ 1888లో వచ్చింది, అంటే భీమిలిది దానికంటే కూడా ముందు. అంత పాత భీమిలిని 2013లో విశాఖ కార్పొరేషన్‌లో కలిపేశారు. ఆ తర్వాత అక్కడివాళ్ళకి చిన్న పని ఉన్నా పెద్ద నగరం వైపు చూడాల్సిందే. పెద్ద ఊరి పక్కన ఉన్న చిన్న ఊళ్ళకి ఈ భయం ఎప్పుడూ ఉంటుంది, ఈ రోజు మనం పల్లెల్ని కలుపుకుంటాం, రేపు మనల్ని ఇంకొకరు కలుపుకుంటారు. ఈ ఒక్క విషయంలో మాత్రం మా బావమరిది వాదన కొట్టిపారెయ్యలేను. పక్కనున్న కార్పొరేషన్ మింగేలోపు మనమే నగర పంచాయతీ అయిపోతే మన పేరు, మన ఆఫీసు మనకుంటాయి అంటాడు.

మరి మీ ఊరికి తీసుకోవచ్చా అంటే, ఊరు నిజంగానే పట్టణమైపోయి, మూడంతస్తుల ఇళ్ళు లేచి, మురుగు ఎటు పోవాలో తెలియక రోడ్డు మీదే నిలబడుతుంటే తీసుకోండి, పంచాయతీ సెక్రటరీ ఒక్కడు ఆ భారం మొయ్యలేడు. జనాభా సరిపోక పక్క పల్లెల్ని లాక్కుని అంకె నింపాల్సి వస్తుంటే మాత్రం వద్దు. వినతిపత్రం ఇచ్చేటప్పుడు ఫోటో తర్వాత, కలిపే పల్లెల జాబితా ముందు అడగండి, సర్వే నంబర్లతో సహా. మొదటి ఎన్నిక ఎప్పుడు పెడతారో ఎమ్మెల్యేగారి నోటితో కాదు, రాతపూర్వకంగా అడగండి, ఇస్తారని కాదు, అడిగినట్టు ఉంటుంది. కలుస్తున్న పల్లెల్లో మీ పెద్దమ్మలు, మేనత్తలు ఎవరన్నా ఉంటే అభ్యంతరాల గడువు ఎప్పటిదాకా ఉందో వాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి, నోటీసు గోడ మీద వాళ్ళు చదవరు. అభ్యంతరం తెల్లకాగితం మీద రాసినా చాలు, కాకపోతే రెండు కాపీలు తీసుకెళ్ళి, రెండోదాని మీద తేదీ వేసి స్టాంపు కొట్టించుకున్నాకే అక్కడినుంచి కదలండి.